మాటకు సాక్ష్యమేది?

మాట మనిషికి దేవుడిచ్చిన గొప్ప వరమని పెద్దలు చెబుతారు. ఆ వరమే ఒక్కొక్కప్పుడు నిరపరాధుల పాలిట శాపంగా మారుతున్నది. అట్లా మారడంలో నా వంతు పాపం కూడా కొంత ఉన్నది. కనుక ఈ వ్యాసాన్ని ఇతరుల తప్పులతో గాక నా తప్పుతోనే ప్రారంభిస్తున్నాను.

ప్రతి గురువారం మా వీధికి ఒక వృద్ధ ఫకీరు వచ్చేవారు. ఒక చేతిలో సాంబ్రాణి ధూపం, మరొక చేతిలో నెమలి ఈకల కట్ట. ప్రతి దుకాణం ముందూ నిలిచి, పొగ వేసి, దువా చేసి, ఇచ్చిన రూపాయి పుచ్చుకొని సాగిపోయేవారు. హిందువులు, ముస్లిములు అనే భేదం లేక అందరూ ఆయనను ‘బాబా’ అనే పిలిచేవారు. 2018 మే నెలలో ఒక రాత్రి నా ఫోనుకు ఒక సందేశం వచ్చింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు మన ప్రాంతంలో దిగాయనీ, బిచ్చగాళ్ల వేషంలో తిరుగుతున్నాయనీ ఒక గొంతు ఆందోళనగా చెబుతున్నది. పంపినవాడు మా మేనమామ కుమారుడు. నేను ఎం.ఏ. చదివినవాణ్ణి, పదిమందికి పాఠం చెప్పేవాణ్ణి. అయినా రెండు నిమిషాలు ఆలోచించలేదు. మా బంధువుల గ్రూపుకూ, మా వీధి గ్రూపుకూ దాన్ని పంపించాను. పైగా ‘అందరూ జాగ్రత్త’ అని ఒక మాట సొంతంగా చేర్చాను.

ఆ వారం బాబా వచ్చినప్పుడు వీధి మొగలో కుర్రవాళ్లు ఆయనను నిలిపివేశారు. జోలె విప్పించారు. ఆధార్ కార్డు చూపమన్నారు. ఒకడు భుజం పట్టి నెట్టాడు. కిరాణా దుకాణం శెట్టిగారు పరుగున వచ్చి, “ఒరేయ్, ఈయన మన బాబా రా! నువ్వు ఉయ్యాలలో ఉన్నప్పుడు నీకు దువా చేసిన మనిషి!” అని అడ్డుపడబట్టి అంతటితో ఆగింది. సంగతి తెలిసి నేను వెళ్లేసరికి కుర్రవాళ్లు తలలు వంచుకొని నిలబడి ఉన్నారు. వారిలో ఒకడు నా విద్యార్థి. “మీరే కదా సార్ గ్రూపులో పెట్టారు?” అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. బాబా మళ్లీ మా వీధికి రాలేదు.

మా వీధిలో శెట్టిగారు ఉన్నారు. అన్ని వీధుల్లోనూ అటువంటివారు ఉండరు. ఆ వేసవిలోనే ఇటువంటి సందేశాల కారణంగా దేశంలో అనేక ప్రాంతాల్లో అమాయకులు ప్రాణాలు కోల్పోయారు. మే నెలలో హైదరాబాదు పాతబస్తీలో మూక దాడికి ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ బలి అయినారు. జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామంలో, ఊరూరా తిరిగి యాచించే సంచార జాతికి చెందిన అయిదుగురిని జనం కొట్టి చంపారు. ఈ చావులకు కారణమైన మాటలను పుట్టించినవారు కొద్దిమందే కావచ్చు. మోసినవారు మాత్రం నావంటి వేలాది మంది ‘మంచివారు’.

చదువుకున్నవాడు కూడా సాక్ష్యం లేని మాటను ఎందుకు నమ్ముతాడు? నమ్మి ఎందుకు పంచుతాడు? ఆనాటి నుండి నన్ను వేధిస్తున్న ప్రశ్న ఇదే. తెలుగు అధ్యాపకుడనైన నాకు దీని సమాధానం కావ్యాలలో దొరకలేదు. మనస్తత్వ శాస్త్ర గ్రంథాలు తిరగవేయగా కొంత దొరికింది. ఆ కొంతను విద్యార్థి మిత్రులతోను, కళాశాల కమిటీ పెద్దలతోను పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దోషం యంత్రానిదా, మనసుదా?

‘అంతా ఈ సెల్‌ఫోన్ల వల్లనే’ అనడం నేడు పరిపాటి అయింది. ఈ మాటలో సగమే నిజమున్నది. గత శతాబ్దపు చివరి దశాబ్దాలలో తెలుగు పల్లెల్లో ఇళ్ల గోడల మీద, తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని వ్రాసుకున్న సంగతి మన తల్లిదండ్రులను అడిగితే చెబుతారు. రాత్రివేళ ఒక దయ్యం వచ్చి తలుపు తడుతుందని ప్రచారం. అప్పుడు ఎవరి చేతిలోనూ సెల్‌ఫోను లేదు. అయినా ఆ రాత ఊరి నుండి ఊరికి, జిల్లా నుండి జిల్లాకు పాకింది. పుకారుకు యంత్రం కాళ్లు మాత్రమే ఇస్తుంది. ప్రాణం పోసేది మన మనసే.

ఈ విషయాన్ని శాస్త్రీయంగా పరిశీలించిన తొలివారిలో ఒకరు మన దేశీయుడే కావడం గర్వకారణం. 1934 జనవరి 15న బీహారులో పెను భూకంపం సంభవించింది. ఆ తరువాత జనంలో వ్యాపించిన వదంతులను జమునా ప్రసాద్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు సేకరించి, 1935లో ప్రకటించారు. భూమి కంపించినా నష్టం జరగని ప్రాంతాల ప్రజలలో కూడా, ఇంతకంటె ఘోరమైన విపత్తు రానున్నదనే వదంతులు విరివిగా సాగాయి. భయపడిన మనిషికి ఊరట కలిగించే మాటలు పుట్టాలి గాని, మరింత భయపెట్టే మాటలు ఎందుకు పుట్టినట్లు?

అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు లియోన్ ఫెస్టింజర్ ఈ ప్రశ్నను పట్టుకొని, 1957లో తన ప్రసిద్ధ సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన గ్రంథంలో ఇట్లా సమాధానం చెప్పాడు. భూమి కంపించినందువల్ల జనంలో భయం ఉన్నది. కాని చుట్టూ చూస్తే కూలిన ఇల్లు లేదు, శవం లేదు. భయానికి తగిన కారణం కంటికి కనిపించనప్పుడు మనసు ఇబ్బంది పడుతుంది. అప్పుడు ఆ భయానికి తగిన కారణాన్ని వదంతి సమకూరుస్తుంది. అంటే పుకారు వల్ల భయం పుట్టడం కాదు, ముందే ఉన్న భయం తనకు కావలసిన పుకారును వెదుక్కుంటున్నదన్న మాట. దుర్గానంద్ సిన్హా అనే మరొక భారతీయ శాస్త్రజ్ఞుడు డార్జిలింగు ప్రాంతంలో కొండచరియలు విరిగిపడినప్పుడు జరిపిన పరిశీలన కూడా దీనిని బలపరచింది. నిజంగా నష్టం కళ్లెదుట ఉన్న ఆ చోట, రానున్న పెను విపత్తులను గూర్చిన వదంతులు అట్లా ప్రబలలేదు.

దీనిని 2018 వేసవికి అన్వయించి చూడండి. సెలవులు. పిల్లలు ఎండనక, వాననక వీధుల్లో ఉన్నారు. ప్రతి తల్లి మనసులోనూ పేరు పెట్టలేని ఒక బెంగ ఉన్నది. ఆ బెంగకు ఆ సందేశం పేరు పెట్టింది, వేషం తొడిగింది, చేతికి జోలె ఇచ్చింది. ఆ జోలె మా బాబా భుజాన ఉన్నది.

మాట చేతులు మారిన కొద్దీ

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ ఒక కథను ఒకరికి చదవనిచ్చి, ఆయన జ్ఞాపకం నుండి వ్రాసినదాన్ని రెండవవారికి, రెండవవారు వ్రాసినదాన్ని మూడవవారికి ఇస్తూ పోయాడు. 1932లో ఆయన ప్రకటించిన ఫలితాలు నేటికీ పాఠ్యాంశాలే. కథ చేతులు మారిన కొద్దీ పొట్టిదవుతుంది. తమకు అర్థం కాని వివరాలను వినేవారు రాల్చివేస్తారు. మిగిలినదాన్ని తమకు పరిచితమైన అచ్చులో పోసుకుంటారు. జ్ఞాపకం ఛాయాచిత్రం వంటిది కాదని, ప్రతిసారీ కొత్తగా కట్టుకునే ఇల్లు వంటిదని దీని సారాంశం. 1947లో ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మరొక సూత్రం చెప్పారు. విషయం మనకు ఎంత ముఖ్యమైనదో, అందులో ఎంత అస్పష్టత ఉన్నదో, ఈ రెండింటి గుణకారమే పుకారు బలం. ఈ రెండింటిలో ఏ ఒక్కటి సున్న అయినా పుకారు నిలువదు.

నోటి మాట అయితే మారిపోతుంది, ఫోనులో వచ్చిన చిత్రం మారదు కదా అని మీరు ప్రశ్నించవచ్చు. 2018లో దేశమంతటా తిరిగిన ఒక వీడియోలో, మోటారు సైకిలు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. చూసినవారందరూ నమ్మారు. నిజానికి అది కరాచీ నగరంలో ఒక స్వచ్ఛంద సంస్థ పిల్లల భద్రత గురించి ప్రచారం కోసం తీయించిన చిత్రం. అసలు చిత్రం చివర ఆ ఇద్దరూ వెనుకకు వచ్చి, పిల్లవాణ్ణి దింపి, తల్లిదండ్రులను హెచ్చరించే ఫలకాన్ని చూపుతారు. ఎవరో ఆ చివరి భాగాన్ని కత్తిరించారు. పిల్లలను కాపాడడానికి తీసిన చిత్రం మనుషులను చంపించే చిత్రమయింది. మారినది చిత్రం కాదు, దాని ముగింపు లేకపోవడమే. బార్ట్‌లెట్ ప్రయోగంలో మనుషుల మనసులు చేసిన పనిని ఇక్కడ కత్తెర చేసింది.

దీనికి తోడు మరొక బలహీనత ఉన్నది. 1977లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు కొన్ని వాక్యాలను విద్యార్థులకు రెండేసి వారాల వ్యవధితో మూడుసార్లు వినిపించి, అవి ఎంతవరకు నిజమని తోస్తున్నవో అడిగారు. మళ్లీ మళ్లీ వినిపించిన వాక్యాలు, నిజమైనా అబద్ధమైనా, క్రమంగా ఎక్కువ నమ్మదగినవిగా తోచాయి. పరిచయాన్ని మనసు సత్యంగా పొరబడుతుంది. ఒకే సందేశం అయిదు గ్రూపుల నుండి వస్తే అయిదుగురు సాక్షులు చెప్పినట్లు మనకు తోస్తుంది. వాస్తవానికి అక్కడ సాక్షి ఒక్కడైనా లేడు. ఒకే మాట అయిదు తలుపులు తట్టింది, అంతే.

చెప్పేదెవరు?

1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రారంభమయింది. మన పెద్దలు రేడియో వార్తలు వినేటప్పుడు మొదట వినిపించేది వార్త కాదు. ఇది ఏ కేంద్రమో, చదువుతున్నది ఎవరో చెప్పిన తరువాతనే వార్త. ఆ వార్తలన్నీ సంపూర్ణ సత్యాలని నేను అనను. అది ప్రభుత్వ గొంతు. ప్రభుత్వానికి ఇష్టం లేనివి అందులో వినిపించక పోవచ్చు. కాని తప్పు చెబితే పట్టుకోవడానికి ఒక పేరు, ఒక చిరునామా ఉన్నవి.

నాకు వచ్చిన సందేశంలో అవేవీ లేవు. ఉన్నది మా మేనమామ కుమారుని పేరు మాత్రమే. నేను నమ్మినది సందేశాన్ని కాదు, అతణ్ణి. మా వీధివారు నమ్మినది నన్ను. అతడు మంచివాడు కనుక అతడు పంపిన మాట కూడా మంచిదే అనుకున్నాను. పంపినవానికి, పుట్టించినవానికి గల తేడాను మరచిపోయాను. నూతన ప్రసార సాధనాల ప్రధాన లక్షణం ఇదే. అవి అపరిచితుని మాటను ఆత్మీయుని గొంతుతో మన ఇంటికి తెస్తాయి.

వెండితెర ఆత్మీయత కూడా ఇటువంటిదే. 1956లో హోర్టన్, వోల్ అనే ఇద్దరు పండితులు, ప్రేక్షకునికి తెర మీది వ్యక్తితో ఏర్పడే ఏకపక్ష స్నేహాన్ని గూర్చి వ్రాశారు. మనకు ఆయన తెలుసు, ఆయనకు మనం తెలియదు. అయినా మనసు ఆయనను ఇంటి మనిషిగానే లెక్కవేస్తుంది. ఈ బంధం బలమెంతటిదో తెలుగువారికి వేరుగా చెప్పనవసరం లేదు. 1983 జనవరిలో ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రి పదవి చేపట్టిన నాడు ఒక తరం చూసింది. 2024లో మన పిఠాపురం నుండే శ్రీ పవన్ కల్యాణ్ శాసనసభకు ఎన్నికైన నాడు మరొక తరం చూసింది. వారికి వోటు వేసినవారు కేవలం అభిమానంతోనే వేశారని నేను అనడం లేదు. అట్లా అనడం వోటరును తక్కువ చేయడమే. అభిమానం ఒక శక్తి అని, ఆ శక్తిని ఎవరైనా దొంగిలించగలరని మాత్రమే నా మనవి. 2023 నవంబరులో నటి రష్మికా మందన్న ముఖాన్ని కంప్యూటరుతో మరొక స్త్రీ శరీరానికి అతికించిన దొంగ వీడియో దేశమంతటా తిరిగింది. ఆ కేసులో పోలీసులు అరెస్టు చేసినది మన రాష్ట్రానికే చెందిన ఒక చదువుకున్న యువకుణ్ణి. ఆమె పేరిట నడుపుతున్న అభిమాన పుటకు అనుచరులను పెంచుకోవడానికే అతడు ఆ పని చేశాడని పోలీసుల కథనం. అభిమానమే అవమానానికి పనిముట్టు అయిన వైనమిది.

అనుచరుల సంఖ్య కోసం మనిషి అంతకు ఎందుకు దిగజారుతాడు? దీనికి కూడా ప్రయోగశాలలో ఒక సమాధానమున్నది. బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద ప్రయోగాలు చేశాడు. మీట పొడిచినప్పుడల్లా గింజ దొరికే పావురం కంటె, ఎన్నవసారి దొరుకుతుందో తెలియని పావురం ఎడతెగక పొడుస్తూనే ఉంటుంది. ఈసారి ఎవరైనా మెచ్చుకున్నారేమో, ఈసారి కొత్త సందేశం వచ్చిందేమో అని నిమిషానికొకసారి ఫోను తీసే మన వేలు ఆ పావురం ముక్కువంటిదే. మన చూపు ఎంతసేపు నిలిస్తే అంత ఆదాయమున్న కంపెనీలు ఈ సూత్రాన్ని ఎరుగనివి కావు. చూపును నిలిపే మాట సాధారణంగా కొత్తది, వింతది, కోపం తెప్పించేది అయి ఉంటుంది. నిజానికి ఆ హంగులు ఉండనవసరం లేదు. 2018లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురితమైన ఒక పరిశోధనలో 2006 నుండి 2017 వరకు ట్విట్టరులో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించారు. నిజమైన వార్తల కంటె అబద్ధపు వార్తలను ఇతరులకు పంపే అవకాశం 70 శాతం ఎక్కువని తేలింది. అందుకు ప్రధాన కారణం యంత్రాలు కావు, మనుషులే.

‘నేను మాత్రం కాదు’

ఇంతవరకు చదివిన విద్యార్థి, ‘నిజమే, జనం ఎంత వెర్రివారు!’ అనుకొని ఉంటాడు. సరిగా ఇక్కడే మనసు తన ఆఖరి మోసం చేస్తుంది. 1983లో డేవిసన్ అనే పండితుడు గమనించినది ఇదే. ప్రచారం ఇతరుల మీద బాగా పనిచేస్తుంది, నా మీద మాత్రం పనిచేయదు అని ప్రతివాడూ నమ్ముతాడు. అందరూ ‘ఇతరులు’ అయితే ఆ ప్రచారానికి లొంగేవారు ఎవరు?

ఈ ప్రశ్నను ముందుగా నా సమాజానికే వేస్తాను. 2020 వసంతంలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ సంఘటన తరువాత, ముస్లిములు బుద్ధిపూర్వకంగా కరోనా వ్యాధిని వ్యాపింపజేస్తున్నారనే దొంగ వీడియోలు దేశమంతటా తిరిగాయి. తోపుడు బండి మీద పండ్లు అమ్ముకునే నిరుపేదను కూడా పేరు అడిగి పొమ్మన్న రోజులవి. అదే సంవత్సరం ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం, ఆ సమావేశానికి వచ్చిన విదేశీయుల మీది కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని, ప్రసార సాధనాలలో వారి మీద పెద్ద ప్రచారం జరిగిందని తప్పుపట్టింది. ఆ గాయం మాకు తెలుసు. సాక్ష్యం లేని మాట ఎంత క్రూరమైనదో అప్పుడు మా అందరికీ అర్థమయింది.

అర్థమయిందా? మరుసటి సంవత్సరం టీకా వచ్చింది. దాని వల్ల సంతానం కలుగదనే మాట ఉర్దూలో, అదే ఫోనులో, అదే బంధువుల గ్రూపులో వచ్చింది. మొన్న మన మీద వచ్చిన మాటకు సాక్ష్యం అడిగినవారే ఈ మాటకు సాక్ష్యం అడగలేదు. కారణం, మొదటి మాట బయటివారిది, రెండవది మనవారిది. అంతకు పూర్వం ఉత్తరప్రదేశ్‌లో పోలియో చుక్కల విషయంలోనూ ఇటువంటి వదంతే సాగి, ఎందరో తల్లులు తలుపులు మూసుకున్నారు. ఆ తలుపులు తెరిపించినది ప్రభుత్వ కరపత్రాలు మాత్రమే కాదు. మసీదులలో ఇమాములు చెప్పిన మాట, ఇంటింటికి తిరిగిన స్థానిక స్త్రీల మాట. 2011 జనవరి తరువాత మన దేశంలో సహజ పోలియో కేసు నమోదు కాలేదు. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియో రహితమని ధ్రువీకరణ లభించింది. ఆత్మీయుని గొంతు అబద్ధానికి ఎట్లా వాహనమో, సత్యానికీ అట్లాగే వాహనం కాగలదు.

మన ఇంటిలోనే ఉన్న విద్య

ఈ రోగానికి మందు పాశ్చాత్య ప్రయోగశాలల్లోనే ఉన్నదని నేను భావించడం లేదు. హదీసు పండితులు వెయ్యి సంవత్సరాలకు పూర్వమే ఒక శాస్త్రాన్ని నిర్మించారు. ప్రవక్త గారి పలుకుగా ఎవరైనా ఒక మాట చెబితే, ‘నీకు ఎవరు చెప్పారు? ఆయనకు ఎవరు చెప్పారు?’ అని చివరివరకు అడిగేవారు. ఈ గొలుసునే ఇస్నాద్ అంటారు. గొలుసులోని ప్రతి వ్యక్తి సత్యవంతుడా, జ్ఞాపకశక్తి గలవాడా, తాను ఎవరి వద్ద విన్నానంటున్నాడో ఆయనను అసలు కలుసుకున్నాడా అని విచారించారు. దైవభక్తి గలవాడైనంత మాత్రాన జ్ఞాపకశక్తి లేనివాని మాటను గట్టి ప్రమాణంగా స్వీకరించలేదు. ‘పంపినవాడు మంచివాడు’ అనే నా సాకును వారు ఆనాడే తోసిపుచ్చారు.

ఇటు తెలుగు వైపు చూడండి. పిఠాపురం సంస్థానాధీశుల పోషణలో రూపొంది, వారి పేరనే వెలసిన సూర్యరాయాంధ్ర నిఘంటువును మన గ్రంథాలయాలలో మీరు చూసే ఉంటారు. అందులో పండితులు పదానికి అర్థం చెప్పి ఊరకుండలేదు. ఆ పదాన్ని ఏ కవి ఏ కావ్యంలో వాడాడో ప్రయోగం చూపారు. ఒక్క పదానికే సాక్ష్యం చూపనిదే నిఘంటువులో చోటివ్వని ఊరు మనది. మనిషి ప్రాణం మీదికి వచ్చే వార్తకు సాక్ష్యం అడగకపోవడం ఈ ఊరివారికి తగునా? ఈ పిఠాపురంలోనే మౌల్వీ ఉమర్ అలీషా గారు పారసీక విద్యను, తెలుగు పద్య విద్యను ఒకే ఇంట నిలిపారు. ఉర్దూ, తెలుగు భాషలు రెండూ నేర్పే మన కళాశాలకు ఆ రెండు సంప్రదాయాల ప్రమాణబుద్ధి వారసత్వంగా రావలసి ఉన్నది.

చేయవలసినది

ఫోన్లు నిషేధించడం పరిష్కారం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ వద్ద తీరం దాటినప్పుడు, దానికి ముందు హెచ్చరికలు అందబట్టే వేలాది ప్రాణాలు దక్కాయి. ఉప్పాడ తీరంలో వేటకు పోయే మత్స్యకారుని చేతిలో ఫోను ఆభరణం కాదు, రక్ష. యంత్రాన్ని తీసివేయడం కాదు, యంత్రానికి మనసుకు మధ్య ఒక్క నిమిషం విరామం కల్పించడం మన పని.

ఆ విరామానికి ఫలితముంటుందని చెప్పడానికి ఆధారాలున్నవి. 2020లో వాట్సాప్ సంస్థ, ఎక్కువసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒక్కసారికి ఒక్కరికే పంపే ఏర్పాటు చేసింది. అటువంటి సందేశాల వ్యాప్తి 70 శాతం తగ్గినట్లు ఆ సంస్థే ప్రకటించింది. ఇటీవలి పరిశోధనల్లో, పంపడానికి ముందు ‘ఇది నిజమేనా?’ అని ఒక్క ప్రశ్న గుర్తు చేసినంత మాత్రాన జనం పంచుకునే వార్తల నాణ్యత మెరుగుపడినట్లు తేలింది. 1960 ప్రాంతంలో విలియం మెక్‌గైర్ మరొక ఉపాయం సూచించాడు. శరీరానికి టీకా వేసినట్లే, అబద్ధపు వాదాన్ని ముందుగా కొద్ది మోతాదులో చూపి, దాని కిటుకు విప్పి చెబితే మనసుకు రక్షణ కలుగుతుంది. 2018లో తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో నాటి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి గారు చేసినది ఇటువంటి పనే. పోలీసులను, జానపద గాయకులను ఊరూరా పంపి, డప్పు కొట్టి, పాట కట్టి, ఆ సందేశాలు అబద్ధమని జనానికి వారి భాషలోనే చెప్పించారు.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపాలు మూడు. మొదటిది, కొత్తగా చేరిన విద్యార్థులకు మొదటి నెలలో ఒక్క గంట దీనికి కేటాయించాలి. ఆ గంటలో అబద్ధపు సందేశాలు రెండు మూడు తీసుకొని, అవి ఎట్లా తయారయినవో విప్పి చూపాలి. రెండవది, గ్రంథాలయం గోడమీద ఉర్దూలోను, తెలుగులోను ఒక పలక ఉండాలి. ఊరిలో తిరుగుతున్న సందేశాన్ని విద్యార్థులు తెచ్చి అక్కడ అతికిస్తారు. వారంలోగా విద్యార్థులే దాని మూలాన్ని వెదకి, నిజమో అబద్ధమో, తేలలేదో కింద వ్రాస్తారు. ‘తేలలేదు’ అని వ్రాయగల ధైర్యం కూడా చదువులో భాగమే. మూడవది అధ్యాపకులమైన మాకు. మూలం తెలియని సందేశాన్ని మేము ఎవరికీ పంపబోమని మాలో మేము నియమం పెట్టుకోవాలి. విద్యార్థి మా మాటను సాక్ష్యంగా తీసుకుంటాడు కనుక ఈ బాధ్యత మాకే ఎక్కువ.

దీనికి సిలబస్‌లో చోటు లేదని, పరీక్షలకు పనికిరాదని కొందరు అనవచ్చు. డబ్బు కూడా పెద్దగా ఖర్చు కాని ఈ పనిని వాయిదా వేయడానికి ఆ కారణం చాలదని నా అభిప్రాయం. గుంపులో నిలబడి ముసలివాని జోలె విప్పించిన కుర్రవాడు పరీక్షలో మంచి మార్కులే తెచ్చుకున్నాడు. అతనికి పాఠం చెప్పినవాణ్ణి నేనే. ఏ పాఠం చెప్పలేదో ఇప్పుడు తెలిసింది.

ఆ కుర్రవాడు, నేను కలిసి తరువాత బాబా కోసం చుట్టుపక్కల ఊళ్లలో వాకబు చేశాము. ఒక దర్గా వద్ద కొన్నాళ్లు కనిపించారని ఒకరు, స్వగ్రామం వెళ్లిపోయారని మరొకరు చెప్పారు. ఏ మాటకూ సాక్ష్యం లేదు, కనుక ఏదీ మీకు నిజమని చెప్పలేను. నేను చెప్పగలిగినది ఒక్కటే. గురువారం సాయంత్రాలు మా వీధిలో ఇప్పుడు సాంబ్రాణి వాసన రాదు.